ఉత్తుత్తి జాకెట్టు

చీర పొడవు అయిదున్నర మీటర్లుంటుంది. దాని మీదికి తొడుక్కునే జాకెట్టుకు మీటరు గుడ్డ చాలు. కాని ఇంట్లో పెళ్ళి అనగానే అమ్మకూ అక్కకూ దిగులు దేనిని గురించి? చీరను గురించి కాదు, జాకెట్టును గురించి! భుజం జారుతుందేమో, చంక దగ్గర పట్టేస్తుందేమో, వీపు మీద ముడతలు పడతాయేమో అని. పెళ్ళి నాలుగు రోజులుందనగా టైలరు దగ్గరినుంచి జాకెట్టు వస్తుంది. తొడుక్కుని అద్దం ముందు నిలబడతారు. ఆ తర్వాత ఇంట్లో వాతావరణం ఎలా మారుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో ఒక విచిత్రం గమనించారా? అమ్మ చీర అక్క కట్టుకోవచ్చు, పిన్ని కట్టుకోవచ్చు, అమ్మమ్మ కట్టుకోవచ్చు. ఎవరికయినా సరిపోతుంది. అమ్మ జాకెట్టు మాత్రం అమ్మకొక్కతెకే సరిపోతుంది, అదీ సరిగా కుట్టి ఉంటేనే. పెద్ద గుడ్డతో లేని పేచీ చిన్న గుడ్డతో ఎందుకొచ్చింది?

జగ్గయ్యపేట దగ్గర దొరికిన ఒక రాతి బొమ్మను చూస్తే దీనికి సగం జవాబు తెలుస్తుంది. జగ్గయ్యపేట, నందిగామ పాత కృష్ణా జిల్లా ఎగువ మెట్టలోని ఊళ్ళు; 2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అనే గుట్ట మీద పూర్వం బౌద్ధ స్తూపం ఉండేది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడికి వచ్చి దానిని పరిశీలించాడు. అమరావతి స్తూపంతో కలిపి దీన్ని వర్ణించే ఆయన పుస్తకం 1887లో అచ్చయింది. అక్కడి శిలాఫలకాలలో ఒకదాని మీద చక్రవర్తి బొమ్మ ఉంది. చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. మబ్బుల్లోంచి నాణేలు వానలాగా రాలుతున్నాయి. సుమారు రెండువేల సంవత్సరాలనాటి శిల్పం అది. తలకు పాగా, ఒంటినిండా నగలు, నడుముకు చుట్టుకున్న బట్ట. అంతే. కుట్టిన చొక్కా లేదు. కనుక ఆయన చెయ్యి ఎంత పైకెత్తినా చంక దగ్గర పట్టేసే ప్రమాదం లేదు!

కుట్టని బట్టలో ఉన్న సుఖం ఇదే. చీరగాని పంచెగాని కట్టుకున్నప్పుడు మనం ఏం చేస్తున్నాం? గుడ్డ ఎక్కువైన చోట కుచ్చిళ్ళు పోస్తున్నాం, తక్కువైన చోట వదులుతున్నాం. అంటే ప్రతి ఉదయమూ ఆ గుడ్డను మన ఒంటికి కొత్తగా సరిచేసుకుంటున్నామన్నమాట. ఒళ్ళు చేస్తే ఒక కుచ్చె తగ్గుతుంది, చిక్కితే ఒకటి పెరుగుతుంది. జాకెట్టులోనో చొక్కాలోనో ఈ సర్దుబాటు ఒకేసారి, కత్తెరతోనూ దారంతోనూ జరిగిపోతుంది. ఆ సర్దుబాటులో తప్పు దొర్లితే తప్పు కూడా కుట్టులో ఉండిపోతుంది. కుట్టు విప్పవచ్చు. కత్తిరించిన గుడ్డను మాత్రం మళ్ళీ అతికించలేం. చీరతోపాటు వచ్చిన జాకెట్టు ముక్క ఒక్కటే ఉంటుంది; అది పాడైతే అదే రంగు, అదే అంచు మరో దుకాణంలో వెతికినా దొరకదు.

ఆది తెచ్చారా?

జగ్గయ్యపేట బజారులోగాని నందిగామలోగాని ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలరు దగ్గరకు కొత్త గుడ్డ పట్టుకుపోతే మొట్టమొదట వినబడే ప్రశ్న, "ఆది తెచ్చారా అమ్మా?" అని. తెలుగుదేశంలో ఏ ఊళ్ళోనయినా అంతే. ఆది అంటే బాగా కుదిరిన పాత జాకెట్టు. దాన్ని బల్లమీద పరిచి, కొత్త గుడ్డ మీద అదే కొలతకు సుద్దతో గీసి కత్తిరిస్తారు.

టేపు మెడలో వేలాడుతుండగా ఆది ఎందుకు అడుగుతున్నారు? టేపు అబద్ధం చెప్పదు కాని, అడిగిన దానికి మాత్రమే జవాబు చెబుతుంది. ఒక చిన్న ప్రయోగం చేయండి. 32 అంగుళాల దారం తీసుకుని రెండు కొసలూ ముడివేయండి. దాన్ని నేలమీద గుండ్రంగా పరచండి. తర్వాత కోడిగుడ్డు ఆకారంలో పరచండి. ఆ తర్వాత పలకలాగా. చుట్టుకొలత మారిందా? లేదు. మూడుసార్లూ 32 అంగుళాలే. ఆకారం మాత్రం మారిపోయింది. టైలరు ఛాతీ చుట్టూ టేపు పట్టి "ముప్ఫయి రెండు" అని రాసుకున్నప్పుడు ఆయనకు తెలిసింది దారం పొడవు ఒక్కటే. ఆ ముప్ఫయి రెండులో వీపు వాటా ఎంత, ముందు వాటా ఎంత? భుజాలు తిన్నగా ఉన్నాయా, వాలుగా ఉన్నాయా? ఒక భుజం రెండోదానికంటే కిందికి ఉందా? ఈ సంగతులు అంకెలో లేవు. పాత జాకెట్టులో ఉన్నాయి. కనుక ఆది అడగడం టైలరు బద్ధకం కాదు, అనుభవం.

అయితే ఆదికీ లోపాలున్నాయి. వందసార్లు ఉతికి ఆరేసిన జాకెట్టు కొన్నిచోట్ల సాగి, కొన్నిచోట్ల కుదించుకుపోయి ఉంటుంది. దాన్ని చూసి కుట్టిన జాకెట్టే మళ్ళీ రెండేళ్ళకు ఆది అవుతుంది. నోటుపుస్తకంలో ఒకరి రాత చూసి మరొకరు, వారిది చూసి ఇంకొకరు రాసుకుంటే చివరివాడి పుస్తకంలో ఎన్ని తప్పులుంటాయో ఊహించండి! ఇక మీ వయసువారి సంగతి మరీ కష్టం. పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య ఏడాది కిందటి జాకెట్టు ఆదిగా పనికిరాదు. ఒళ్ళు పెరగడమే కాదు, ఆకారమూ మారుతుంది. కాళ్ళూ చేతులూ ఒక వేగంతో, భుజాలు మరో వేగంతో పెరుగుతాయి. అసలు మొదటిసారి జాకెట్టు కుట్టించుకునే పిల్లకు ఆది ఎక్కడిది?

అప్పుడు చేయవలసిన పని ఒకటుంది. చవక గుడ్డతో ముందు ఒక ఉత్తుత్తి జాకెట్టు కుట్టాలి. అది తొడుక్కుని తిరగడానికి కాదు, పరీక్షించడానికి. దుస్తుల తయారీకి పేరుపడ్డ ఫ్రాన్సులో దీన్ని "త్వాల్" అంటారు. ఆ భాషలో ఆ మాటకు గుడ్డ అనే అర్థం. అమెరికాలో "మస్లిన్" అంటారు. అక్కడ దాన్ని సాదా నూలు గుడ్డతో కుడతారు కనుక గుడ్డ పేరే దానికీ వచ్చింది. మనం ఉత్తుత్తి జాకెట్టు అనే అందాం.

చెంబు మీద కాగితం

ఇది ఎందుకు అవసరమో తెలియాలంటే ముందు ఇంకో ప్రయోగం చేయాలి. ఒక ఇత్తడి చెంబూ ఒక పాత వార్తాపత్రిక కాగితమూ తీసుకోండి. కాగితాన్ని చెంబు మెడ చుట్టూ చుట్టండి. చక్కగా అంటుకుంటుంది. ఇప్పుడు చెంబు పొట్ట చుట్టూ చుట్టండి. ఎంత ప్రయత్నించినా ముడతలు పడుతుంది, లేదా చిరుగుతుంది. మెడ ఒకవైపుకే వంగి ఉంది, పొట్ట రెండువైపులా వంగి ఉంది. అదీ తేడా. బల్లపరుపు కాగితం ఒకవైపుకు వంగుతుందిగాని, సాగకుండా, చిరగకుండా, ముడత పడకుండా రెండువైపులా వంగలేదు. గాస్ అనే జర్మన్ గణితవేత్త 1827లో ప్రచురించిన ఒక సిద్ధాంతం దీనికి ఆధారం. భూగోళాన్ని తప్పుల్లేకుండా చదునైన అట్లాసు పటంగా గీయలేకపోవడానికి కూడా ఇదే కారణం.

మన ఒంట్లో చెంబు మెడలాంటి భాగాలు తక్కువ, పొట్టలాంటివి ఎక్కువ. భుజం, వీపు ఎముకల మీది ఉబ్బు, ఛాతీ, మోచెయ్యి ఇవన్నీ రెండువైపులా వంగినవే. దుకాణంలో తాను నుంచి చించి ఇచ్చిన గుడ్డ మాత్రం బల్లపరుపుగా ఉంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే ఉపాయాల్లో ముఖ్యమైనది డాట్. అమ్మ జాకెట్టు తిరగేసి చూడండి. ఛాతీ కిందుగా కోణాకారంగా మడిచి కుట్టిన గుడ్డ కనబడుతుంది. టైలర్లు డాట్ అనేది దాన్నే.

డాట్ ఏం చేస్తుందో లెక్కవేద్దాం. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో కాగితం మీద ఒక వృత్తం గీసి కత్తిరించండి. కేంద్రం దగ్గర 36 డిగ్రీల కోణం వచ్చేటట్లు ఒక ముక్క కోసి తీసేసి, మిగిలిన అంచులు రెండూ కలిపి అతికించండి. మూకుడు బోర్లించినట్లు శంకువు వస్తుంది. వృత్తంలో పదోవంతు పోయింది కనుక శంకువు అడుగు వ్యాసార్ధం 9 సెంటీమీటర్లు. ఎత్తు ఎంత? పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 100లోంచి 81 తీసేస్తే 19. దాని వర్గమూలం సుమారు 4.4. అంటే నాలుగున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఇప్పుడు 36 డిగ్రీలకు బదులు అందులో సగం, 18 డిగ్రీలే కోయండి. ఎత్తు కూడా సగమే అవుతుందనుకుంటున్నారా? కాదు. అడుగు వ్యాసార్ధం 9.5, 100లోంచి 90.25 తీసేస్తే 9.75, వర్గమూలం సుమారు 3.1. కోత సగమయినా ఉబ్బు మూడింట రెండువంతులకు పైగానే ఉంది!

దీన్నిబట్టి చిన్న డాటయినా గుడ్డ ఆకారాన్ని చాలా మారుస్తుందని తెలుస్తోంది కదా? అర సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఏముందిలే అనుకోవడానికి వీల్లేదు. ఆ అర సెంటీమీటరు ఎక్కడ కావాలో టేపు చెప్పలేదు. తొడిగి చూడవలసిందే.

గుడ్డ కాగితం కాదు కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. చేతిరుమాలు తీసుకుని అంచు వెంబడి లాగండి. దాదాపు సాగదు. రెండో అంచు వెంబడి లాగండి. అప్పుడూ అంతే. ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా లాగండి. సాగిందా? గుడ్డలో పడుగు దారాలు నిలువుగానూ పేక దారాలు అడ్డంగానూ ఉంటాయి. దారం సాగకపోయినా, రెండు దారాల మధ్య కోణం మారుతుంది. నలుచదరాలు నొక్కుకుపోయి వాలు చదరాలవుతాయి. చెబిషేవ్ అనే రష్యన్ గణితవేత్త 1878లో పారిస్‌లో "బట్టల కత్తిరింపు" అనే విషయం మీద ఏకంగా గణితశాస్త్ర ఉపన్యాసమే ఇచ్చాడు. దారాల పొడవు మారదు, వాటి మధ్య కోణాలే మారతాయి అనుకుంటే బంతికి గుడ్డ తొడుగు ఎలా కత్తిరించాలి అన్నది ఆయన తీసుకున్న సమస్య. మన టైలర్లు "క్రాస్ కటింగు జాకెట్టు" అనేది ఈ గుణాన్ని ఉపయోగించుకునేదే. గుడ్డను ఐమూలగా పెట్టి కత్తిరిస్తే కొంత వంపు గుడ్డే సర్దుకుంటుంది. చెబిషేవ్ పేరు వినకుండానే ఆ సంగతి తెలిసినవాళ్ళు మన బజార్లలో ఎంతమంది ఉన్నారో!

ఉత్తుత్తిదయినా ఒట్టిది కాదు

ఇక కుట్టే పద్ధతి చూద్దాం. గుడ్డ చవకదయినా ఫరవాలేదు, గుణం మాత్రం అసలు గుడ్డకు దగ్గరగా ఉండాలి. నూలు జాకెట్టుకు గాడా గుడ్డో, చిరగని పాత దుప్పటో సరిపోతుంది. ఒంటికి అతుక్కుని సాగే బనీను గుడ్డతో చూసి పట్టు జాకెట్టు కత్తిరిస్తే ప్రయోజనం లేదు. కొత్త నూలు గుడ్డయితే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. నేసేటప్పుడూ, తర్వాత మిల్లులోనూ దారాలను బిగలాగి ఉంచుతారు. నీరు తగలగానే నూలు ఉబ్బి, ఆ బిగువు వదిలి, గుడ్డ కుదించుకుపోతుంది. ఇది అసలు గుడ్డ నూలుదయితే దానికీ వర్తిస్తుంది. నందిగామ చుట్టుపక్కల నల్లరేగడి చేలలో పత్తి తీసే పిల్లలనడిగినా పత్తి తడిస్తే ఏమవుతుందో చెబుతారు.

గుడ్డ మీద పడుగు వెంబడి నిలువుగా ఒక గీత, ఛాతీ మట్టాన అడ్డంగా ఒక గీత పెన్సిలుతో గీయండి. వీపు ముక్క మీద కూడా గీయండి. వీటి ఉపయోగం తర్వాత తెలుస్తుంది. కొలతలు చూసి ముక్కలు కత్తిరించేటప్పుడు కుట్టు అవతల అంగుళం గుడ్డ వదలండి. మిషను మీద అన్నిటికంటే పొడుగు కుట్టు పెట్టి కుట్టండి, సులభంగా విప్పవచ్చు. మిషను లేకపోతే చేత్తో టాకాలు వేసినా చాలు. హుక్కులూ కాజాలూ పట్టీలూ ఏవీ అక్కరలేదు. ముందు భాగాన్ని గుండుసూదులతో కలిపితే సరి.

ఇప్పుడు తొడుక్కోవాలి. అద్దం ముందు కదలకుండా బొమ్మలా నిలబడడం పరీక్ష కాదు. చేతులు ఎత్తాలి, బల్లమీదికి వంగి రాస్తున్నట్టు కూర్చోవాలి, బస్సులో పైకమ్మీ పట్టుకున్నట్టు నిలబడాలి. ముందుగా పెన్సిలు గీతలు చూడండి. అడ్డగీత నేలకు సమాంతరంగా ఉందా? ఒకవైపు పైకి లేస్తే అక్కడ గుడ్డ చాలక కిందినుంచి లాక్కుంటోందన్నమాట. వీపు మీది నిలువుగీత వెన్నెముక వెంబడి దిగుతోందా, పక్కకు తిరిగిందా? గీతలు గీయమన్నది ఇందుకే. సాదా గుడ్డ దాచుకునే రహస్యాన్ని గీత బయట పెట్టేస్తుంది.

ఆ తర్వాత ముడతలు చదవాలి. అవును, చదవాలి! ముడతలు రెండు రకాలు. ఒక తువ్వాలు తీసుకుని ఎదురెదురు మూలలు పట్టి గట్టిగా లాగండి. రెండు చేతుల మధ్య తాడులాగా బిగువు ముడతలు పడతాయి. గుడ్డను ఒక దిశలో లాగితే దానికి అడ్డదిశలో అది దగ్గరకు నొక్కుకుంటుంది. పలుచని గుడ్డ ఆ నొక్కుడును ఆపుకోలేక మడత పడిపోతుంది. ఇలాంటి ముడత ఎక్కడ కనిపించినా దాని రెండు కొసల వైపు చూడండి. ఆ కొసల్లో ఏదో ఒకచోట గుడ్డ తక్కువైంది. ఇప్పుడు అదే తువ్వాలు మూలలు కొంచెం దగ్గరకు తెండి. మధ్యలో గుడ్డ కిందికి వేలాడుతుంది. ఇది రెండో రకం. వేలాడే ముడత ఉన్నచోట గుడ్డ ఎక్కువైంది. మెడ వెనక, భుజాలకు కాస్త దిగువన అడ్డంగా మెత్తని మడత కనిపిస్తే భుజాలు మనం గీసిన గీతకంటే తిన్నగా ఉన్నాయని అర్థం కావచ్చు. మెడ దగ్గరినుంచి చంక వైపు ఏటవాలుగా వేలాడే మడత దిగితే భుజాలు వాలుగా ఉన్నట్టు.

ఎక్కువైన గుడ్డను చిటికెతో పట్టి గుండుసూది గుచ్చేయవచ్చు. తక్కువైతే? ఇక్కడే ఉత్తుత్తి జాకెట్టు తన విలువ నిరూపించుకుంటుంది. వీపు మీద అడ్డంగా బిగువుగా ఉందనుకోండి, కత్తెర తీసుకుని ఆ బిగువుకు అడ్డుపడేటట్లు నిలువుగా గుడ్డను కోసేయడమే! తొడుక్కున్నవాళ్ళు కదలకుండా ఉండాలి. కత్తెర వెయ్యడం పెద్దవాళ్ళ పని. కోసిన వెంటనే గుడ్డ నోరు తెరుస్తుంది. రెండు సెంటీమీటర్లు తెరుచుకుంటే అక్కడ రెండు సెంటీమీటర్లు తక్కువైందన్నమాట. ఆ సందు కింద మరో గుడ్డముక్క పెట్టి సూదులు గుచ్చండి. ఏ టేపూ ఇవ్వలేని కొలత ఇది. ఎంత కావాలో, సరిగ్గా ఎక్కడ కావాలో ఒక్కసారే చెప్పేసింది. పట్టు గుడ్డ మీద ఈ ప్రయోగం చేయగల ధైర్యం ఎవరికుంటుంది?

సరిచేసేటప్పుడు చిన్న లెక్క మరిచిపోకూడదు. జాకెట్టుకు పక్కకుట్లు రెండు. ఒక్కొక్క కుట్టులో ముందు ముక్క, వెనక ముక్క అని రెండు పొరలు. కుట్టును పావు అంగుళం లోపలికి జరిపితే నాలుగు పొరల్లోనూ పావు చొప్పున మొత్తం అంగుళం తగ్గుతుంది. "పావంగుళమే కదా తీశాను" అంటే ఊపిరాడనంత బిగుతు ఎందుకయిందో ఇప్పుడు తెలిసిందా?

చంక దగ్గరి చిక్కు

అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చే చోటు చంక. చెయ్యి ఎత్తితే జాకెట్టు మొత్తం పైకి లేచిపోతుంది. చొక్కాలోనూ ఇదే బాధ. చంక దగ్గర ఇరుకుగా ఉందనుకుని చంకకోతను ఇంకాస్త కిందికి దించమంటారు. దించితే నిలబడ్డప్పుడు హాయిగానే ఉంటుంది. కాని చెయ్యి ఎత్తగానే జాకెట్టు మునుపటికంటే ఎక్కువగా లేస్తుంది!

ఎందుకో తలుపును చూస్తే తెలుస్తుంది. తలుపు తెరిచినప్పుడు బందుల దగ్గరి చెక్క కొంచెమే కదులుతుంది, గొళ్ళెం వైపు అంచు చాలా దూరం కదులుతుంది. మన చేతికి బందు భుజం కీలు. చేతిగుడ్డ జాకెట్టుతో కలిసే కింది కుట్టు ఈ కీలుకు ఎంత దగ్గరగా ఉంటే, చెయ్యి ఎత్తినప్పుడు అంత తక్కువగా కదులుతుంది. కోతను కిందికి దించితే కుట్టు కీలుకు దూరమై, గొళ్ళెంలాగా ఎక్కువ దూరం ప్రయాణం చేస్తూ జాకెట్టు పక్కభాగాన్ని తనతో లాక్కుపోతుంది. అందుచేత చాలాసార్లు చేయవలసిన పని కోతను దించడం కాదు. చంకకు చేరువగా ఉంచి, చేతిగుడ్డ పైభాగంలో వెడల్పు పెంచడం. ఈ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరు. నేనయితే రెండు చేతులకు రెండు రకాల కోతలతో ఉత్తుత్తి జాకెట్టు కుట్టి, రెండు చేతులూ ఎత్తి చూసుకోమంటాను. ఏవైపు ఎక్కువ లేచిందో కళ్ళారా కనిపిస్తుంది.

ఒకసారి ఒక మార్పే చేయడం మంచిది. భుజమూ డాటూ చంకా ఒకేసారి మార్చి, ముడత పోయిందని సంతోషిస్తే, దేనివల్ల పోయిందో తెలియదు. మీ ప్రయోగశాలలో ఉప్పు, ఆమ్లం, వేడి మూడూ ఒకేసారి మార్చరు కదా! మార్పులు చాలా పెద్దవయితే సరిచేసిన కొలతలతో రెండో ఉత్తుత్తి జాకెట్టు కుట్టి చూడాలి.

మరి మన టైలర్లందరూ ఇలా ఎందుకు చేయరు? పండుగల ముందూ పెళ్ళిళ్ళ నెలల్లోనూ వాళ్ళ బల్లల మీద గుడ్డలు గుట్టలుగా పడి ఉంటాయి. ఒక జాకెట్టుకు రెండు జాకెట్ల పని చేసి ఒకదాని కూలే తీసుకోవాలంటే గిట్టదు. కాని కుదరని జాకెట్టును విప్పి మళ్ళీ కుట్టే పనికి ఎంతమంది డబ్బిస్తున్నారు? ఆ శ్రమ ఎవరి లెక్కలోకీ రాదు. రోజూ కట్టే ప్రతి జాకెట్టుకూ ఈ తంతు అక్కరలేదన్నది నిజమే. మనిషికి ఒకసారి, శ్రద్ధగా చేస్తే దాని ఆకారం కాగితం మీద నిలిచిపోతుంది. తర్వాత కుట్టే డజను జాకెట్లకు అదే ఆధారం.

రెడీమేడ్ బట్టల కంపెనీలకూ ఈ కొలతల బాధ తప్పలేదు. 1939, 1940 సంవత్సరాల్లో అమెరికా ప్రభుత్వం దాదాపు 15,000 మంది స్త్రీలను, ఒక్కొక్కరిని 59 విధాలుగా కొలిపించింది. మన దేశంలో జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ హైదరాబాదుతో సహా ఆరు నగరాల్లో 25,000 మందిని త్రిమితీయ స్కానర్లతో కొలిచే పథకం 2018లో ప్రకటించింది. ఇన్ని కొలతలు తీసినా చివరి పరీక్ష తొడుక్కోవడంలోనే ఉంది. 2019 మార్చిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇద్దరు మహిళలు కలిసి మొదటిసారి అంతరిక్ష నడక చేయవలసి ఉంది. వారిలో ఒకరయిన ఆన్ మెక్లేన్ అంతకు కొన్ని రోజుల ముందు వేరొకరితో కలిసి ఒక నడక చేసింది. తనకు పెద్ద సైజు కాదు, మధ్యరకం సైజు మొండెం తొడుగే బాగా కుదురుతుందని ఆ నడకలో ఆమెకు తేలింది. భూమి మీద ఆమె రెండు సైజులతోనూ శిక్షణ పొందింది. అక్కడ వాడడానికి సిద్ధంగా ఉన్న మధ్యరకం తొడుగు ఒక్కటే కావడంతో కార్యక్రమం మార్చవలసి వచ్చింది. ఇద్దరు మహిళల నడక ఆ ఏడాది అక్టోబరు 18న గాని జరగలేదు. అందులో మెక్లేన్ లేదు.

ఇంకొక్క విషయం. ఉత్తుత్తి జాకెట్టు తొడుక్కున్నప్పుడు చాలామందికి ఒక భుజం కిందికి, ఒకటి పైకి ఉన్నట్టు కనబడుతుంది. సంచి ఎప్పుడూ ఒకే భుజానికి వేలాడేసుకునేవాళ్ళలో ఆ వైపు భుజం పైకి ఎత్తుకునే అలవాటూ ఉంటుంది. తాతమ్మల వీపు వంగి ఉంటుంది. పొలియో వచ్చి తగ్గినవారిలో నడుము ఒకవైపుకు ఒరగవచ్చు. వీటిలో దేనికీ సిగ్గుపడనక్కరలేదు. రెండు వైపులూ అచ్చు ఒకేలాగా ఉండే శరీరం అరుదు. కుడి ముక్కకు ఒక కొలత, ఎడమ ముక్కకు ఇంకో కొలత పెట్టి కత్తిరిస్తే పని అయిపోతుంది. మీ ఈడు పిల్లల్లో తేడా మరీ ఎక్కువగా, వీపు ఒకవైపు ఉబ్బెత్తుగా కనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి. వెన్నెముక పక్కకు వంగడం సాధారణంగా ఎదిగే వయసులోనే బయటపడుతుంది. గుడ్డ మీది నిలువుగీత దాన్ని మొదట చూపించినా చూపించవచ్చు.

అన్నీ సరిపోయాక ఉత్తుత్తి జాకెట్టు కుట్లు విప్పి, ముక్కలను ఇస్త్రీ చేసి, దళసరి కాగితం మీద పరిచి గీసుకోండి. సూదులు గుచ్చిన చోట్లు, కోసి అతికిన చోట్లు కొత్త గీతలవుతాయి. ప్రతి కాగితం మీదా ఎవరిదో పేరు రాయండి. "కుడి", "ఎడమ" అని రాయండి. పడుగు ఎటు ఉండాలో బాణం గుర్తు వేయండి. పక్కన తేదీ వేయడం మాత్రం మరిచిపోకండి. పెద్దవాళ్ళ కాగితాలు కొన్నేళ్ళు పనికొస్తాయి. మీవి ఆరు నెలలకొకసారి తీసి, ఒంటికి పెట్టి చూసుకోవలసి ఉంటుంది.